మధుమేహుల పాదవ్రణములు, హితసూక్ష్మజీవులు: ఒక చరిత్రము



మేడ్చలునకును శామీర్‌పేటకును నడుమ నున్న పల్లెలలో నొకదానియందు నేను ముప్పదేండ్లకు పైగా బడిపంతులుగా నుంటిని. నేను వైద్యుడను గాను. చిన్ననాట గురువుగారి యొద్ద కావ్యములతోపాటు సుశ్రుతమును కొంత చదివితిని గాని, ఆ చదువు నాకు మందు నేర్పలేదు. మందును గూర్చి మాటలాడు ధైర్యమును మాత్రము నేర్పినది. ఆ ధైర్యము వలన నొక మిత్రునకు నేను చేసిన కీడును ముందుగా మీకు విన్నవించి, పిమ్మట చరిత్రలోనికి పోయెదను.

మా వీధిలో నొక పటేలు గలరు. వయస్సున నాకంటె రెండేండ్లు పెద్ద. పదునేనేండ్లుగా మధుమేహముతో నున్నారు. ఒక వేసవియందు తుమ్మముల్లొకటి ఆయన చెప్పు అడుగును తొలిచి యరికాలిలో దిగినది. ప్రొద్దుటినుండి మాపటివరకు ఆయన దానితోడనే పొలమున తిరిగిరి. రాత్రి కోడలు కాళ్లకు నీళ్లిచ్చుచు నెత్తుటి మరకను చూచి కేకవేయువరకు ఆ సంగతి యాయనకే తెలియదు. మరునాడు నన్ను పిలిపించి, "నొప్పే లేదు పంతులుగారూ. నొప్పి లేని పుండుకు దవాఖాన ఎందుకు?" అని యడిగిరి.

నేను ఆ వారమే యొక వార్తాపత్రికలో, పెరుగునందలి సూక్ష్మజీవుల వంటి మేలుచేయు జీవులు మధుమేహుల పుండ్లు మానుటకు తోడ్పడుచున్నవని చదివియుంటిని. తక్రమును బొగడిన శాస్త్రవాక్యములు నా నాలుక చివరనే యుండెను. రెంటిని జతచేసి, "పుల్లని పెరుగును గుడ్డలో కట్టి, నీరు కార్చి, పుండుపై వేయుడు" అని చెప్పితిని. తొమ్మిది దినములు గడచెను. పదియవనాటికి చిటికెనవ్రేలు నల్లబడెను. ఆసుపత్రిలో రెండు వ్రేళ్లు తీసివేసిరి. ఇంకొక వారము జాగు చేసియున్నచో పాదమే పోయెడిదని శస్త్రవైద్యుడు చెప్పెను.

పత్రికలో వ్రాసినది యబద్ధము గాదు. శాస్త్రములో నేను చదివినదియు తప్పు గాదు. మరి చెడినది యెక్కడ? ఆ ప్రశ్నయే నాచేత ఈ చరిత్రను వెదకించినది.

మన ప్రాచీనులకు ఈ వ్యాధి తెలియును. మూత్రమునకు చీమలు పట్టుటను వారు గమనించిరి. కరపాదములు తిమ్మిరియెక్కుట, మంటగొనుట యను రెంటిని చరకుడు దీని పూర్వరూపములలో చేర్చెను. ప్రమేహమున పుట్టు పిడకలను చరకుడు ఏడింటిని, సుశ్రుతుడు పదింటిని పేర్కొనిరి. సుశ్రుతుడు చికిత్సాస్థానమున నొక విశేషము చెప్పినాడు. ప్రమేహుల రసనాళములు దుర్బలములగుటచే దోషములు పైకి లేవజాలక, మధుమేహులకు శరీరపు క్రిందిభాగముననే పిడకలు పుట్టునట. కాలి రక్తనాళములు పూడి సన్నగిల్లుటచే పాదమునకు నెత్తురు చాలదని నేటి వైద్యులు చెప్పుచున్నారు. రెండు మాటలును ఒకటే యని నేను వాదింపను. మన పండితులలో కొందఱకు అట్టి వాదమందు ప్రీతి మెండు. సుశ్రుతుడు చూచిన చోటు సరియైనదని మాత్రము చెప్పగలను.

అదే సుశ్రుతుడు ధనహీనుడైన ప్రమేహికి ఇంకొక ఉపాయము చెప్పెను. చెప్పులును గొడుగును లేక, భిక్షాన్నము దినుచు, ఊరి కొక్క రాత్రి వసించుచు, మునివలె నూరు యోజనములో అంతకు మించియో నడువవలెనట. లేదా నూయి త్రవ్వవలెనట. నడకయు, శ్రమయు, మితాహారమును నేటి వైద్యులును చెప్పుచున్నవే. కాని పాదరక్షలు లేక నడువుమను మాట నేడు పాటింపదగినది గాదు. స్పర్శ తప్పిన పాదముతో చెప్పులు లేక నడచుట కన్నులు మూసికొని ముండ్లకంచెలో నడచుట వంటిది. ఋషివాక్యమందు ఒక భాగమును గైకొని యొక భాగమును విడుచుట పాపమని యెవరైన ననినచో, మా పటేలుగారి పాదమును వారికి చూపెదను.

సుశ్రుతునియందు మఱియొక సంగతి కలదు. నేను చదివియు మఱచినది యదియే. వ్రణమునకు అరువది ఉపక్రమములు చెప్పుచు, ఆయన శోధనమును ముందుంచి రోపణమును పిమ్మట నుంచెను. చీమును, చచ్చిన మాంసమును, మలినమును తీసివేయుట శోధనము. మానునట్లు చేయుట రోపణము. మలినము లోపల నుండగా పైన మాన్పు మందు వేసినచో పుండు మానినట్లు కనబడి లోలోపల త్రవ్వుకొని పోవును. నేను శోధనము మాట తలపక పెరుగు మూట కట్టించితిని.

ఇక తిమ్మిరి సంగతి. నొప్పిలేమి యెంతటి శత్రువో లోకమునకు వెల్లడించుటలో కుష్ఠువైద్యులకు పెద్ద పాలు గలదు. మా మేడ్చలు మీదుగా నాగపురమునకు పోవు రాజమార్గమున నిజామాబాదునకు చేరువ డిచ్‌పల్లి గలదు. అచ్చట 1915 వ సంవత్సరమున ఇసబెల్ కెర్ అను స్కాట్లండు దేశపు వైద్యురాలు కుష్ఠురోగుల కొఱకు ఆసుపత్రి నెలకొల్పినది. మా తాతగారి కాలమున ఆ త్రోవను పోవు బండ్లవారు ఆ పేరు చెప్పుటకే వెఱచువారట. ఆ రోగుల వ్రేళ్లు రోగమే తినివేయుచున్నదని జనులే గాక వైద్యులును చాలకాలము నమ్మిరి.

ఆ నమ్మకమును మార్చినవారిలో పాల్ బ్రాండు ముఖ్యుడు. ఈయన 1914 లో తమిళదేశపు కొల్లిమలలో మిషనరీ దంపతులకు జన్మించెను. 1946 లో వేలూరు వైద్యకళాశాలకు శస్త్రవైద్యుడుగా వచ్చెను. స్పర్శ పోయినందున రోగి తన గాయము నెఱుగడు. గాయపడిన చోటనే మరల మరల అడుగు మోపును. ఆ ఒత్తిడిచే మాంసము చితికి చెడును. వ్రేళ్లు పోవుటకు ముఖ్యకారణ మిదియని ఆయన కనుగొనెను. నొప్పి గలవాడు కుంటును. కుంటుట యనగా పుండునకు విశ్రాంతి నిచ్చుట. నొప్పి లేనివాడు కుంటడు. కావున వేలూరున పాదమునకు సున్నపుకట్టు వేసి, బరువు పుండుపై బడకుండ చేసిరి. ఏండ్ల తరబడి మానని పుండ్లు మానినవి. 1966 లో బ్రాండు అమెరికాలోని లూసియానా రాష్ట్రమునకు పోయి, కార్విల్ కుష్ఠు వైద్యశాలలో పనిచేసెను. మధుమేహుల పాదములకును ఇదే గతి పట్టుచున్నదనియు, ఇదే చికిత్స పనికివచ్చుననియు అచ్చట తేల్చెను. ఇట్లు మన పొరుగు దేశమున పేద కుష్ఠురోగుల పాదములనుండి నేర్చిన పాఠము లోకమందలి మధుమేహుల కందఱకును పాఠమైనది.

మధుమేహుల పాదవ్రణములు ఇంతగా కనబడుటకు ఇన్సులిన్ కూడ నొక కారణమన్నచో మీకు వింతగా దోచును. 1921 లో కెనడా దేశపు టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఆ ద్రవ్యమును వెలికి తీసిరి. 1922 జనవరిలో మొదటిమారు నొక బాలునకు దానిని ఎక్కించిరి. అంతకు ముందు చిన్నతనముననే ఈ వ్యాధి సోకినవారు కొద్దికాలమునకే మరణించువారు. ఇన్సులిన్ వారికి ఆయువు నిచ్చెను. ఆయువు పెరిగినకొలది చక్కెర నెమ్మదిగా నరములను, నాళములను తినుటకు వ్యవధి దొరకెను. మందు చెడ్డదని నా భావము గాదు. చావునుండి తప్పించుకొన్నవానికి పాదమును కాచుకొను పని క్రొత్తగా వచ్చిపడినదని చెప్పుచున్నాను. 2023 లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలి లెక్క ప్రకారము మన దేశమున మధుమేహులు సుమారు 10 కోట్ల మంది. మధుమేహులలో నూటికి 19 మొదలు 34 మందికి జీవితమున నెప్పుడో నొకప్పుడు పాదవ్రణము వచ్చునని వైద్యుల యంచనా. మన యూళ్ల రచ్చబండలపై కూర్చుండు పెద్దలను ఈ లెక్కతో మీరే చూచుకొనుడు.

ఇక సూక్ష్మజీవుల కథకు వచ్చెదను. మా ప్రాంతమునకు దీనితో దగ్గర చుట్టరికము గలదు.

పాలు పెరుగగుట మన అవ్వలకు తెలియును గాని, ఆ పని చేయువారెవరో తెలియదు. ఫ్రాన్సు దేశపు లూయీ పాశ్చరు 1857 లో పాలు పులియుటను గూర్చి వ్యాసము ప్రకటించి, ఆ పులుపు సజీవములైన సూక్ష్మప్రాణుల పనియని నిరూపించెను. తోడుపెట్టుట యనగా ఆ ప్రాణులను నిన్నటి కుండనుండి నేటి కుండకు కాపురము పంపుటయే. ఆ తర్వాత కొన్ని దశాబ్దములు శాస్త్రజ్ఞులు సూక్ష్మజీవులను శత్రువులుగానే యెంచి, కలరా, క్షయ, ధనుర్వాతము మొదలగు వానిని బుట్టించు జీవులను వెదకి పట్టిరి. ఆ వేట లోకమునకు మహోపకారము చేసినది. అయినను, ఊరిలో దొంగ యొకడున్నచో ఊరివారందఱును దొంగలే యను భ్రమ కొంత దానితో వ్యాపించినది.

ఆ భ్రమను తొలగింప జూచినవాడు మెచ్నికాఫ్ అను పండితుడు. 1845 లో రష్యా సామ్రాజ్యమున ఖార్కోవు ప్రాంతమందు జన్మించి, పారిస్ లోని పాశ్చరు సంస్థలో పనిచేసెను. ఈయన రెండు సంగతులు చెప్పెను. రెండును నేటి మన విషయమునకు అవసరములు. మొదటిది: మన నెత్తురునందు క్రిములను మ్రింగివేయు కణములు గలవు, గాయమైన చోటికి అవి కావలిభటులవలె పరుగెత్తును. దీనికే ఆయనకు 1908 లో ఎర్లిక్ అను పండితునితో గూడ నోబెల్ బహుమానము వచ్చెను. రెండవది: పులిసిన పాలయందలి జీవులు ప్రేగులలో చేరి, చెడ్డ జీవులను అణచి, ఆయువును పెంచవచ్చును. బల్గేరియా దేశపు పల్లెవాసులు పెరుగు దిని దీర్ఘాయువు లగుచున్నారను మాటను ఆయన చాల నమ్మెను. తానును పులిసిన పాలను త్రాగుచు 1916 లో, డెబ్బదియొకటవ యేట మరణించెను. ఆ కాలమునకు అది చిన్న వయస్సు గాదు, శతాయువును గాదు. ఆయన మొదటి మాట శాస్త్రమై నిలిచినది. రెండవ మాటను నూరేండ్లకు పైగా పరీక్షించుచునే యున్నారు.

మెచ్నికాఫ్‌నకు కొంచెము ముందుగానే టిసియే అను ఫ్రెంచి వైద్యుడు చనుబాలు త్రాగు శిశువుల ప్రేగులలో మేలుచేయు జీవి నొకదానిని కనుగొనెను. జపాను దేశమున షిరోటా అను వైద్యుడు 1930 లో ఒక పాలజీవిని ఎన్నుకొని పెంచెను. 1935 నుండి అది సీసాలలో విక్రయింపబడినది. హితజీవి యను నర్థమునకు నేడు వాడు 'ప్రోబయాటిక్' అను మాట 1965 లో శాస్త్రపత్రికల కెక్కెను.

ఇందు మన తెలుగువాని చేతియు గలదు. 1895 లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లె సంస్థయందు పరిశోధనల నడిపిరి. రక్తహీనతకు మందగు ఫోలిక్ ఆమ్లమును 1945 లో ఆయన బృందము కృత్రిమముగా తయారుచేసినది. ఆ ద్రవ్యము ఎచ్చట నున్నది, ఎంత యున్నది యని తెలిసికొనుటకు వారు వాడిన త్రాసు ఏమని యనుకొనుచున్నారు? లాక్టోబాసిల్లస్ కేసీ యను పాలజీవి. ఆ జీవి బాగుగ పెరిగినచో ద్రవ్యము గలదు, పెరుగనిచో లేదు. ఆ సంస్థయందే ఆయన పర్యవేక్షణలో మట్టిజీవి నుండి తీయబడిన ఆరియోమైసిన్ అను క్రిమినాశక ఔషధము 1948 లో వెల్లడియైనది. సుబ్బారావుగారు ఆ యేడే న్యూయార్కున కాలధర్మము నొందిరి. ఒక సూక్ష్మజీవిని తూనికరాయిగాను, ఇంకొకదానిని ఔషధశాలగాను వాడిన ఆ మహానుభావుని పేరు మన బడిపిల్లలలో చాలమందికి తెలియదు. ఇది నేను పాఠము చెప్పిన కాలమున నాకు గలిగిన మనోవ్యథ, ప్రసంగవశమున చెప్పితిని.

ఇపుడు మా యూళ్లకు రండు. నా బాల్యమున శామీర్‌పేట చెరువు చుట్టుప్రక్కల ద్రాక్షపందిళ్లు పచ్చగా కనబడుచుండెను. గత శతాబ్దపు తుదిదినములలో ఆ చేలనడుమ క్రొత్త కట్టడములు లేచినవి. మేడ్చలు చేరువ అత్వెల్లి గ్రామమున శాంతా బయోటెక్నిక్స్ వారు ఔషధశాల పెట్టిరి. వరప్రసాదరెడ్డిగారు 1993 లో స్థాపించిన ఆ సంస్థ 1997 లో కామెర్లను పుట్టించు హెపటైటిస్ బి వ్యాధికి మన దేశపు మొదటి నూతనరీతి టీకాను తెచ్చినది. దానిని తయారుచేయునది ఈస్టు జాతి జీవి. పిండిని పులియబెట్టు ఈస్టునకు ఇది జ్ఞాతి. దానిలో టీకాకు వలయు బీజమును చేర్చి, పెద్ద పాత్రలలో పెంచి, దానిచేతనే టీకాను చేయింతురు. విదేశపు టీకా ఖరీదులో స్వల్పభాగమునకే అది పేదల చేతి కందినది.

శామీర్‌పేట ప్రాంతపు తుర్కపల్లి వైపున భారత్ బయోటెక్ సంస్థ గలదు. కృష్ణ ఎల్ల, సుచిత్ర ఎల్ల దంపతులు దీనిని 1996 లో స్థాపించిరి. టీకాల వలన ఈ పేరు మీ రందఱును వినియుందురు. అయితే ఈ సంస్థ మధుమేహుల పాదవ్రణముల కొఱకే యొక లేపనమును చేసినదని చాలమంది యెఱుగరు. దాని పేరు రీజెన్-డి. చర్మకణములను పెరుగుమని ప్రేరేపించు ద్రవ్య మొకటి మన శరీరమందే గలదు. దానిని కనుగొన్న స్టాన్లీ కోహెన్ గారికి 1986 లో నోబెల్ బహుమానము వచ్చెను. ఆ మానవద్రవ్యమును సూక్ష్మజీవులచే చేయించి, లేపనముగా గూర్చి, మన దేశపు మధుమేహులపై పరీక్షించి, 2006 లో ఫలితములను ప్రకటించిరి. ఇది హితజీవి గాదు, సూక్ష్మజీవి చేసిన పని.

శామీర్‌పేట ప్రాంతపు కొల్తూరు గ్రామపరిసరములందు యూనిక్ బయోటెక్ అను సంస్థ హితజీవులనే పెంచుచున్నది. వారు పెంచు వానిలో బాసిల్లస్ కోయాగులన్స్ అనునది యొకటి. పెరుగునందలి సాధారణజీవులు వేడికిని, కడుపులోని యామ్లమునకును చచ్చును. ఇది యట్లుగాక, కాలము ప్రతికూలమైనప్పుడు గట్టి పెంకు గట్టుకొని విత్తనమువలె నిద్రించును, అనుకూలమైనచోట మేల్కొనును. ఈ జీవి పాదవ్రణమునకు మందని నేను చెప్పుట లేదు. ద్రాక్ష పండిన నేలయందే నేడు కంటికి కానరాని పంట పండుచున్నదని చెప్పుచున్నాను. ఈ ప్రాంతమును జినోం వ్యాలీ యని పిలుచుచున్నారు. 'వ్యాలీ' యనగా లోయ. ఇచ్చట లోయ యెక్కడ నున్నదో మా పిల్లలకు చూపలేక నేను చాలమారులు చిక్కుపడితిని.

ఇక అసలు ప్రశ్న. ఈ హితజీవులు మధుమేహుని పాదవ్రణమునకు నిజముగా మేలు చేయునా?

ముందుగా పుండు ఎందుకు మానదో చూడవలెను. నెత్తురు చాలదు. నొప్పి లేదు. చక్కెర మితిమీరినప్పుడు మెచ్నికాఫ్ చెప్పిన కావలిభటులు మందగించుదురు. క్రిములను పట్టుటలో, చంపుటలో వారి బలము తగ్గును. ఈ సందున క్రిములు పుండులో జేరి, పాచివంటి జిగురుపొరను తమచుట్టు కట్టుకొనును. చెరువు మెట్లపై పాచి నీళ్లతో కడిగిన పోదు గదా, గోకవలెను. అట్లే ఆ పొరలోని క్రిములకు ఔషధములు సులభముగా తగులవు. వైద్యుడు కత్తితో చచ్చిన మాంసమును గీకుట క్రూరత్వము గాదు; సుశ్రుతుని శోధనమే.

ఈ జిగురుపొరను కట్టు క్రిములలో సూడోమోనాస్ అనునది మిక్కిలి మొండిది. అర్జెంటీనా దేశపు తుకుమాన్ నగరమందలి పండితులు లాక్టోబాసిల్లస్ ప్లాంటారం అను జీవిపై పనిచేసిరి. ఊరగాయలు, పులిసిన కాయగూరలు మొదలగువానిలో నివసించు జీవి యిది. సూడోమోనాస్ క్రిములు గుంపుగూడుటకు ఒండొంటితో పంపుకొను రసాయనసంకేతములను ఇది చెడగొట్టునని 2005 లో ప్రకటించిరి. 2010 లో వారే, చీముపట్టిన కాలిపుండ్లు గల 34 మందికి, అందులో 14 మంది మధుమేహులకు, ఈ జీవిని పెంచిన ద్రవమును కట్టులలో వేసి చూచిరి. పుండు శుభ్రపడి, క్రొత్త మాంసము మొలచుట వారు గమనించిరి. అయితే పోల్చి చూచుటకు మందు వేయని మధుమేహుల గుంపు వారి పరీక్షయందు లేదు. కావున దానిని ఆశగా గైకొనవచ్చును గాని తీర్పుగా గైకొనరాదు.

2018 లో ప్రకటింపబడిన ఇరాన్ దేశపు పరీక్ష దీనికంటె కట్టుదిట్టమైనది. అందు పాదవ్రణము గల 60 మందిని రెండు గుంపులు చేసిరి. ఒక గుంపునకు నాలుగు జాతుల హితజీవులు గల గుళికలను 12 వారములు నోటిద్వారా ఇచ్చిరి. రెండవ గుంపునకు అదే రూపముగల వట్టి గుళికల నిచ్చిరి. ఎవరి కేది వచ్చినదో రోగికిని తెలియదు, చూచువానికిని తెలియదు. హితజీవులు దిన్నవారి పుండ్ల పొడవు, వెడల్పు, లోతు ఎక్కువగా తగ్గినవి. నెత్తురులోని చక్కెరయు, వాపును సూచించు ద్రవ్యమును తగ్గినవి. ప్రేగులు హితజీవులతో బాగుపడినచో శరీరమందంతట వాపు తగ్గుననియు, అందువలన పుండునకు మేలగుననియు పండితుల ఊహ. రెండు గుంపులవారికిని పుండు శుభ్రము చేయుట మొదలగు సాధారణచికిత్స జరుగుచునే యుండెనని మఱవకుడు. గుళిక ఆ చికిత్సకు తోడైనది. దానికి మారు గాలేదు.

అరువది మంది పరీక్ష చిన్నది. పలుదేశములలో, పెద్దగుంపులపై ఇదే ఫలితము వచ్చినగాని వైద్యులు నిశ్చయింపరు. మధుమేహ పాదమును గూర్చి సూచనలు చేయు అంతర్జాతీయ వైద్యమండలి, పైని చెప్పిన వర్ధకలేపనములనే యందఱకును వాడుమని సిఫారసు చేయలేదు. హితజీవుల స్థాన మంతకంటె వెనుక. మొదట నుండవలసినవి పుండును శుభ్రపఱచుట, బరువు పడనీయకుండుట, నెత్తురు పాఱునట్లు చూచుట, చీమునకు తగిన ఔషధ మిచ్చుట, చక్కెరను అదుపున నుంచుట. వీని వెనుక, వైద్యుని యనుమతితో, హితజీవులు తోడురాగలవేమో యని చూచుచున్నారు.

ఇపుడు నా పెరుగు మూట సంగతి చెప్పెదను. ఆహార వ్యవసాయ సంస్థయు, ప్రపంచ ఆరోగ్య సంస్థయు కలిసి 2001 లో కూర్చిన పండితసభ హితజీవికి నిర్వచనము చెప్పినది. అది బ్రదికియుండవలెను, తగినంత మోతాదున ఇయ్యబడవలెను, పుచ్చుకొన్నవానికి మేలు చేయవలెను. మన దేశమున 2011 లో వైద్య పరిశోధన మండలియు జీవసాంకేతిక శాఖయు కలిసి ఆహారములందలి హితజీవులకు నియమములు వ్రాసినవి. వాని ప్రకారము జీవి యొక్క తెగను గుర్తింపవలెను, అది నిరపాయమని తేల్చవలెను, ఎంత సంఖ్యలో నున్నదో చెప్పవలెను. లాక్టోబాసిల్లస్ అనునది ఇంటిపేరు వంటిది. ప్లాంటారం అనునది వ్యక్తి పేరు వంటిది. కాని ఊరిలో ఒకే పేరుగల వారు పదిమంది యుందురు; కావున గోత్రప్రవరలు అడుగుదుము. అట్లే ప్రతి జీవికిని తెగను దెలుపు అంకె గలదు. ఒక తెగ చేసిన మేలు ఇంకొక తెగ చేయునన్న నమ్మకము లేదు.

పటేలుగారి యింటి పెరుగులో ఏ జీవులున్నవి? ఎవరికి దెలియును? తోడు ఏనాటిదో, కుండ ఎవరు కడిగిరో, గుడ్డ ఎక్కడ నారవేసిరో. హితజీవులతోపాటు చేతిమురికిలోని క్రిములును అందు చేరియుండవచ్చును. పైగా పాలు క్రిములకు విందుభోజనము. అర్జెంటీనా పండితులు ప్రయోగశాలలో ఒక్క తెగను గుర్తించి, శుద్ధముగా పెంచి, లెక్కించి వేసిరి. నేను వేయించినది కూర పులుసునకు పనికివచ్చు వస్తువు. వానికి పేరొకటే యగుటచే వస్తు వొకటేయని భ్రమించితిని. వ్యాకరణమందు శబ్దసామ్యముచే అర్థసామ్యమును గల్పించిన పిల్లవానికి నేను గుంజీలు తీయించెడివాడను.

హితజీవులును అందఱకును హితములు గావు. శరీరబలము మిక్కిలి క్షీణించినవారిలో, పెద్ద శస్త్రచికిత్స జరిగినవారిలో, అరుదుగా నీ జీవులే నెత్తురులో జేరి జ్వరము తెచ్చిన సందర్భములు వైద్యగ్రంథములలో గలవు. కావున దుకాణమున గుళికలు దొరకుచున్నవి గదా యని పాదమున పుండుగలవాడు తనంతట తాను కొని మ్రింగరాదు. "మరి చల్ల త్రాగవచ్చునా?" అని పటేలుగారు నన్నడిగిరి. ఆసుపత్రినుండి వచ్చిన తర్వాత వారడిగిన మొదటి ప్రశ్న యిది. వైద్యుని యడిగితిని. చక్కెర వేయని మజ్జిగను అన్నములో ఆహారముగా త్రాగవచ్చుననిరి. మూత్రపిండములు చెడినవారు మాత్రము తమ వైద్యుని ముందుగా అడుగవలెననిరి. అది ఆహారమే గాని పుండునకు మందుగా దానిపై ఆధారపడరాదని మరల మరల చెప్పిరి. అప్పుడు వారు నా వైపు చూచిన చూపు నాకింకను జ్ఞాపకమున్నది.

పటేలుగారి పుండు మానుటకు నాలుగు నెలలు పట్టినది. మెత్తని అడుగు గల ప్రత్యేకపు చెప్పులు చేయించిరి. వానిని తొడుగుటకు ముందు ప్రతిమారును తలక్రిందులుగా దులిపి, లోపల చేయిపెట్టి తడవి చూచుకొందురు. ముల్లుండవచ్చును, గులకరాయి యుండవచ్చును. వేడినీళ్లు కాలితో చూడక మోచేతితో చూచుకొందురు, కాలికి వేడి తెలియదు గనుక. ఆనెకాయ లేచినచో బ్లేడుతో కోయుట మానిరి. తన కన్నులు మసకబారుటచే అరికాలు తనకు కనబడదు. కోడలు పొలమునకు పోవును. కావున ప్రతి సాయంకాలము కాళ్లు కడిగి, వ్రేళ్ల సందులు తడిలేకుండ తుడిచికొని, మా యింటి యరుగుపై కూర్చుండి, "చూడండి పంతులుగారూ" అని పాదము చాచుదురు. నేను కండ్లద్దములు పెట్టుకొని, దీపము దగ్గరకు దెచ్చి, వ్రేలు వ్రేలును చూచెదను. ఇరుగుపొరుగువారు మొదట నవ్విరి. ఇప్పుడు ఇంకొకరిద్దఱును తమ పాదములను చూపుటకు వచ్చుచున్నారు.

నిన్నటి సాయంకాలము ఆయన ఎడమ మడమప్రక్కను చిన్న పగులు కానవచ్చినది. గోరంత యున్నది. నెత్తురు లేదు, నొప్పి లేదు. ఈ ఉదయము మొదటి బస్సున ఆయనను కోడలితో ఆసుపత్రికి పంపి, నేను ఈ ప్రసంగము చదువుటకు ఇటు వచ్చితిని.